విత్తే ముందు నీళ్ళు కొలుద్దాం



ఖరీఫ్ పంట కోతకొచ్చే రోజులివి. ఇంకొన్నాళ్ళలో రబీ మాట మొదలవుతుంది. ఏం వేద్దాం, ఎన్నెకరాలు వేద్దాం, ఈసారి ధర ఎలా ఉండబోతోంది... రచ్చబండ దగ్గరా, టీ కొట్టు దగ్గరా ఇవే కబుర్లు. ఒక్క ప్రశ్న మాత్రం చాలా ఊళ్ళలో వినబడదు. మన ఊరి కింద ఇప్పుడు ఎన్ని నీళ్ళున్నాయి? ఈ రోజు మీతో ఆ ప్రశ్న గురించే మాట్లాడదామని వచ్చాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. విత్తే ముందు నీళ్ళు కొలవాలి. కొలిచిన లెక్క నలుగురిలో చదవాలి. ఏ పంట వెయ్యాలన్నది ఆ తర్వాత తేల్చుకోవాలి.

ఇంటికి చుట్టాలొస్తున్నారనుకోండి. ముందు ఏం చేస్తాం? బియ్యం డబ్బా మూత తీసి చూస్తాం. ఎన్ని సోలలున్నాయో చూసుకున్నాకే ఎసరు పెడతాం. డబ్బాలోకి తొంగి కూడా చూడకుండా విస్తళ్ళు వేసే ఇల్లాలు ఎక్కడా ఉండదు. నీళ్ళ విషయంలో మాత్రం మనం ఏటా ఆ పనే చేస్తున్నాం. డబ్బా భూమిలోపల ఉంది, కంటికి కనబడదు. అందుకని మూత తియ్యడమే మానేశాం.

పూర్వం ఇలా ఉండేది కాదు. దిగుడు బావిలో నీళ్ళు ఏ మెట్టు దాకా ఉన్నాయో చిన్నపిల్లలకు కూడా తెలిసేది. చెరువు నిండితే ఊరంతా చూసేది. తూము ఎన్నాళ్ళు పారుతుందో నీరటి కాడు చెప్పేవాడు. బోర్లు వచ్చాక నీళ్ళు కనబడటం మానేశాయి. మోటారు వేస్తే వచ్చేవి, వెయ్యకపోతే లేనివి అయిపోయాయి. ఒక రోజు మోటారు వేసినా గాలే వస్తుంది. అప్పటిదాకా మనకు ఏ సంగతీ తెలియదు. అప్పుడు అప్పు చేసి ఇంకో బోరు వేస్తాం. అది మూడొందల అడుగులైతే, పక్కవాడు ఐదొందలు వేస్తాడు. మనం ఏడొందలకు వెళ్తాం. అనంతపురం, కడప, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు వెయ్యి అడుగుల బోర్ల మాట మీరు వినే ఉంటారు. బోరు అప్పుల్లో మునిగిన కుటుంబాలనూ చూసే ఉంటారు. ఈ బాధ నాకు ఎప్పుడూ మనసులోంచి పోదు. ఎందుకంటే ఆ అప్పుల్లో చాలా వరకు తప్పించుకోదగ్గవే.

వాతావరణం మారుతోందని వింటున్నాం. నీళ్ళకూ దానికీ ఉన్న సంబంధం ఒక్క నిమిషంలో చెబుతాను. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే, సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలుగుతుంది. అంటే వాన పడ్డప్పుడు కుండపోతగా పడుతుంది. పడని రోజులు ఇంకా ఎక్కువ కాలం సాగుతాయి. ఏడాది మొత్తం మీద అదే వాన కురిసినా, నాలుగు రోజుల్లో కురిస్తే ఒకలా ఉంటుంది, నలభై రోజుల్లో కురిస్తే ఇంకోలా ఉంటుంది. కుండపోత వాన నేలలోకి పెద్దగా ఇంకదు, వాగుల్లోకి పరిగెడుతుంది. పోయినేడు ఇలాగే ఉంది కాబట్టి ఈ ఏడూ ఇలాగే ఉంటుందన్న నమ్మకం ఇక చెల్లదు. పాత అనుభవం మీద వేసే అంచనా తప్పుతోంది. అందుకే కొత్తగా, ప్రతి ఏడూ కొలవాలి.

ప్రపంచంలో సుమారు సగం మంది, ఏడాదిలో కొన్నాళ్ళయినా తీవ్రమైన నీటి ఎద్దడిని ఎదుర్కొంటున్నారని వాతావరణ శాస్త్రవేత్తల అంతర్జాతీయ బృందం చెప్పింది. ఇది ఎడారి దేశాల గొడవ మాత్రమే కాదు. ఒక పెద్ద నగరం సంగతి చెబుతాను, వినండి.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ అని సముద్రం ఒడ్డున ఒక నగరం ఉంది. జనాభా సుమారు 40 లక్షలు. కొండలు, ద్రాక్షతోటలు, ఓడరేవు ఉన్న ఊరు. అక్కడ వానలు చలికాలంలో పడతాయి. వాళ్ళ చలికాలం మే నుంచి ఆగస్టు దాకా. 2015లో వానలు తగ్గాయి. 2016లోనూ తగ్గాయి. 2017లోనూ తగ్గాయి. వరసగా మూడేళ్ళు. నగరానికి నీళ్ళిచ్చే పెద్ద డ్యాములు ఆరు. 2018 జనవరి నాటికి అన్నిటిలో కలిపి 30 శాతం కూడా లేవు. అన్నిటికన్నా పెద్దదైన థీవాటర్స్‌క్లూఫ్ డ్యాములో నేల బీటలు వారి కనబడింది. ఇలాంటి మూడేళ్ళ కరువు వచ్చే అవకాశం, భూమి వేడెక్కడం వల్ల మూడు రెట్లు పెరిగిందని తర్వాత శాస్త్రవేత్తలు లెక్క వేశారు.

నగరపాలకులు అప్పుడు ఒక తేదీ ప్రకటించారు. డ్యాముల్లో నీళ్ళు 13.5 శాతానికి పడిపోయిన రోజున కుళాయిలు కట్టేస్తాం అన్నారు. ఆ తర్వాత ప్రతి మనిషీ వరసలో నిలబడి, రోజుకు 25 లీటర్లు పట్టుకెళ్ళాలి. ఆ రోజుకు డే జీరో అని పేరు పెట్టారు. ఒక దశలో ఏప్రిల్ 22 అన్నారు. తర్వాత ఏప్రిల్ 12 అన్నారు. నలభై లక్షల మంది ఉన్న ఊళ్ళో కుళాయిలన్నీ మూసేసే రోజు!

ఆ రోజు రాలేదు. ఎందుకు రాలేదో చూద్దాం.

2018 ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లే అన్నారు. 50 లీటర్లంటే ఎంతో మనింట్లో చూద్దాం. మన స్నానాల బకెట్టు దాదాపు 20 లీటర్లు పడుతుంది. అలాంటివి రెండున్నర బకెట్లు. అందులోనే స్నానం, తాగడం, వంట, గిన్నెలు, బట్టలు, మరుగుదొడ్డి. పాత రకం ఫ్లష్ ఒకసారి నొక్కితే 9, 10 లీటర్లు పోతాయి. షవరు కింద నిమిషం నిలబడితే ఇంకో పది లీటర్లు. అందుకే అక్కడివాళ్ళు స్నానం చేసిన నీళ్ళు బకెట్లో పట్టి మరుగుదొడ్లో పోసుకున్నారు. తొంభై సెకన్లలో స్నానం ముగించారు.

చట్టం చేసినంత మాత్రాన ఇలా జరగదు. అక్కడ జరిగిన అసలు పని ఇంకొకటుంది. లెక్క అందరికీ కనబడేలా పెట్టారు. డ్యాముల్లో ఎన్ని నీళ్ళున్నాయో ప్రతి వారం చెప్పారు. ఇంకా ఎన్ని రోజులకు సరిపోతాయో రోడ్ల పక్కన పెద్ద బోర్డుల మీద చూపించారు. ఆఫీసుకు వెళ్ళేవాడూ, పిల్లల్ని బడిలో దింపేవాళ్ళూ ఆ అంకె చూడకుండా ఇల్లు చేరలేరు. ఏ ఇల్లు పరిమితిలో వాడుతోందో ఒక పటం మీద పచ్చ చుక్కలతో చూపించారు. పొరుగింటి వాడకం బయటపెట్టడం న్యాయమా అని అక్కడ వాదన కూడా జరిగింది. నాకూ ఆ పటం మీద పూర్తి ఇష్టం లేదు. కానీ డ్యాము మట్టం చెప్పిన బోర్డు మీద నాకు ఎంతో గౌరవం ఉంది.

2015లో ఆ నగరం రోజుకు 120 కోట్ల లీటర్లు వాడేది. 2018 నాటికి అది సుమారు 50 కోట్ల లీటర్లకు దిగింది. సగానికన్నా తక్కువ. మూడేళ్ళలో. ఇంత పెద్ద ఊళ్ళో ఇంత తగ్గడం అరుదు.

ఇంకో సంగతి. ఇది రైతు సోదరులు తప్పకుండా వినాలి. కేప్‌టౌన్‌కు దగ్గర్లో గ్రాబౌ అనే ప్రాంతం ఉంది. ఆపిల్ తోటలకు పేరు. గ్రోయెన్‌లాండ్ నీటి వినియోగదారుల సంఘం అని అక్కడి రైతులకు ఒక సంఘం ఉంది. వాళ్ళ సొంత జలాశయాల్లో కొన్ని నీళ్ళు మిగిలాయి. 2018 ఫిబ్రవరిలో వాళ్ళు 1000 కోట్ల లీటర్లు నగరానికి వదిలారు. ఎలా వదలగలిగారు? తమ తోటలకు ఎంత కావాలో, ఎంత మిగులుతుందో వాళ్ళకు లెక్క ఉంది. లెక్క లేనివాడు ఇవ్వలేడు. తనకే చాలవేమోనని భయపడతాడు. లెక్క ఉన్నవాడికి ధైర్యం ఉంటుంది.

ఆ ఏడాది జూన్‌లో వానలు పడ్డాయి. డ్యాములు తేరుకున్నాయి. అక్కడ అంతా సవ్యంగా జరిగిందని నేను అనను. డబ్బున్నవాళ్ళు పెరట్లో బోర్లు వేసుకున్నారు. పేదల వాడల్లో వీధి కుళాయిల దగ్గర నిలబడే ఆడవాళ్ళు, కరువు రాకముందు నుంచీ తక్కువ నీళ్ళతోనే గడుపుకుంటున్నారు. వాళ్ళకు యాభై లీటర్ల పరిమితి కొత్త కాదు. ఈ అన్యాయం కూడా లెక్క బయటపెట్టినప్పుడే అందరికీ కనబడింది.

మనకు దగ్గర్లోని ఊరి సంగతి కూడా ఒక్క మాట. చెన్నైలో 2015 డిసెంబరులో వరద. జనం మేడలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. నాలుగేళ్ళు తిరక్కముందే, 2019 జూన్ నాటికి నగరానికి నీళ్ళిచ్చే నాలుగు జలాశయాలూ దాదాపు ఎండిపోయాయి. మన కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో వెళ్ళే కృష్ణా నీళ్ళు చేరే పూండి కూడా అందులో ఉంది. జూలైలో జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్ళు తెచ్చారు. ఒక్కో రైలుకు 25 లక్షల లీటర్లు. చెన్నైలో సగటున ఏడాదికి 1400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంలో పడేది 550. అంటే వాన ఎక్కువ పడే ఊరికి కూడా కరువు వస్తుంది. ఎంత పడింది అన్నది సగం లెక్కే. ఎంత నిలిచింది, ఎంత తోడాం అన్నది మిగతా సగం.

ఇప్పుడు మన పొలానికొద్దాం. ఇక్కడ కొంచెం లెక్క చెబుతాను. నెమ్మదిగా చెబుతాను. దగ్గర్లో పిల్లలుంటే పలక మీద రాయమనండి.

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే, అది ఒక లీటరు. గుర్తుంచుకోవడం తేలిక. ఎకరమంటే సుమారు 4 వేల చదరపు మీటర్లు. కాబట్టి ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 4 వేల లీటర్లు. మళ్ళీ చెబుతున్నాను. ఎకరానికి ఒక మిల్లీమీటరు, 4 వేల లీటర్లు.

అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్లనుకుందాం. ఎకరం మీద 22 లక్షల లీటర్లు పడ్డట్టు. చాలా ఎక్కువే అనిపిస్తుంది కదా? కానీ అవన్నీ భూమిలోపలికి వెళ్ళవు. కొన్ని ఆవిరవుతాయి. కొన్ని మొక్కలు తాగుతాయి. కొన్ని వాగులో పోతాయి. మనది ఎక్కువగా రాతి నేల. పడ్డ వానలో బోర్లకు అందేది సుమారు పదో వంతు. అంటే ఎకరానికి 2 లక్షల 20 వేల లీటర్లు. మన ఎకరం ఏడాదికి భూమిలో దాచిపెట్టే నీళ్ళు అవి.

ఇప్పుడు రబీలో బోరు కింద ఒక ఎకరం వరి వేశామనుకోండి. వరికి సుమారు 1200 మిల్లీమీటర్ల నీళ్ళు పెడతాం. ఎకరానికి 4 వేల లెక్కన, 48 లక్షల లీటర్లు. ఒక ఎకరం దాచేది 2 లక్షల 20 వేలు. ఒక ఎకరం వరి తాగేది 48 లక్షలు. భాగించి చూడండి. ఇరవై రెండెకరాల వాన ఒక్క ఎకరం వరికి పోతుంది. మడిలో పెట్టిన నీళ్ళలో కొంత మళ్ళీ కిందికి దిగుతుంది, నిజమే. ఆ భాగం తీసేసినా పన్నెండు పదమూడు ఎకరాల వాన కావాలి. మరి మనకున్నది ఎన్నెకరాలు? మూడో, నాలుగో. మిగతా ఎకరాల నీళ్ళు ఎవరివి? పక్క పొలం వాళ్ళవి. వాళ్ళూ వరే వేశారు. వాళ్ళూ మనవి తోడుతున్నారు.

అందుకే బోర్లు ఎండుతాయి. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. లెక్క ఎవరూ వెయ్యలేదు, అంతే.

ఇంకో లెక్క బోరు దగ్గర వేద్దాం. మీ దగ్గర 200 లీటర్ల డ్రమ్ము ఉంటుంది. బోరు పైపు అందులో పెట్టి, ఫోనులో సమయం చూడండి. డ్రమ్ము నిండటానికి ఎన్ని సెకన్లు పట్టింది? నూరు సెకన్లు పట్టిందనుకోండి. అంటే సెకనుకు 2 లీటర్లు. గంటకు 7200 లీటర్లు. రోజుకు ఏడు గంటలు ఆడిస్తే 50 వేల లీటర్ల పైచిలుకు. నాలుగు నెలల పంటకు, 120 రోజులకు, సుమారు 60 లక్షల లీటర్లు. ఇవి మీ చేతిలో ఉన్న నీళ్ళు. వరి వేస్తే ఎకరమూ పావు. వేరుశనగకు సుమారు 500 మిల్లీమీటర్లు చాలు, అంటే ఎకరానికి 20 లక్షల లీటర్లు. వేరుశనగ వేస్తే మూడెకరాలు. శనగ వేస్తే అంతకన్నా ఎక్కువే పండించుకోవచ్చు. తుంపర సేద్యమో బిందు సేద్యమో ఉంటే ఇంకా కలిసొస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. అక్టోబరులో నూరు సెకన్లలో నిండిన డ్రమ్ము ఫిబ్రవరిలో నూట యాభై పట్టొచ్చు. అందుకే చివరి తడికి నీళ్ళుండాలంటే, మొదటి రోజు ధార చూసి మురిసిపోకూడదు. నెలకోసారి డ్రమ్ము పెట్టి చూడాలి.

ఇది ఎక్కడైనా చేశారా అని మీరు అడగొచ్చు. చేశారు. మన నేల మీదే చేశారు.

ఇరవై ఏళ్ళ కిందటి మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, కరువు ఎక్కువగా ఉన్న ఏడు జిల్లాల్లో ఒక పథకం నడిచింది. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్. రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం అది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండగా నిలిచింది. స్వచ్ఛంద సంస్థలు ఊరూరా తిరిగాయి. ఆరువందలకు పైగా పల్లెల్లో పని జరిగింది.

ఆ పథకంలో ఎవరికీ ఉచితంగా పైపులు పంచలేదు. ఎవరి మోటారూ ఆపించలేదు. ఈ పంట వెయ్యొద్దని హుకుం ఇవ్వలేదు. మరి ఏం చేశారు? కొలవడం నేర్పారు. పెద్దగా చదువుకోని రైతులు, మహిళలు కూడా వానమాపకం చూసి మిల్లీమీటర్లు రాశారు. బావిలో టేపు దించి నీటిమట్టం చదివారు. బోరు ధార కొలిచారు. ఆ అంకెలు ఊరి మధ్య గోడ మీద బోర్డులా రాశారు. దారిన పోయే ప్రతివాడూ చూశాడు.

అక్టోబరు ప్రాంతంలో అందరూ ఒకచోట కూర్చునేవారు. ఒక్క ఊరివాళ్ళే కాదు. ఒకే వాగు పరిధిలోని ఊళ్ళన్నీ. ఇంత వాన పడింది. ఇంత ఇంకింది. తాగడానికి, పశువులకు ఇంత కావాలి. రబీకి మిగిలింది ఇంత. మీరందరూ ఏం వెయ్యాలనుకుంటున్నారు? ఒక్కొక్కరు చెప్పేవారు. అన్నీ కూడేవారు. చాలాచోట్ల కావలసిన నీళ్ళు ఉన్న నీళ్ళకన్నా ఎక్కువ తేలేవి. ఆ అంకె అందరి ముందూ ఉంటే, మనిషి ఇంటికెళ్ళి ఆలోచిస్తాడు. వరి ఎకరం తగ్గించుకుంటాడు. శనగో, ఉలవో, కూరగాయలో వేస్తాడు. ఎవరి నిర్ణయం వారిదే. బలవంతం లేదు. అయినా చాలా ఊళ్ళలో తోడకం తగ్గింది. ప్రపంచ బ్యాంకు తన భూగర్భ జలాల నివేదికలో దీన్ని ప్రత్యేకంగా ప్రస్తావించింది.

పథకం ముగిశాక ఆ అలవాటు అన్ని ఊళ్ళలోనూ నిలవలేదు. నాకిది చాలా బాధ కలిగించే విషయం. చెక్‌డ్యాము కడితే ప్రారంభోత్సవం చేస్తాం. ఇంకుడు గుంత తవ్వితే ఫొటో తీసుకుంటాం. అవి అవసరమే, కాదనను. కానీ బావిలో టేపు దించిన మనిషికి శాలువా కప్పిన ఊరు ఎన్ని ఉన్నాయి? నీళ్ళు పెంచే పని మీద ఉన్న మోజు, ఉన్న నీళ్ళు లెక్కపెట్టే పని మీద లేదు. కొత్తగా పది చుక్కలు చేర్చి, ఇరవై చుక్కలు తోడితే ఏం లాభం?

కొలిచే అలవాటు నిలిచిన ఊరు ఒకటి చెబుతాను. మహారాష్ట్రలో పాత అహ్మద్‌నగర్ జిల్లాలో హివరే బజార్ అనే చిన్న పల్లె. ఒకప్పుడు జనం పనుల కోసం వలస పోయిన ఊరు. వానలు మన అనంతపురం కన్నా తక్కువ. పోపట్‌రావ్ పవార్ అనే యువకుడు సర్పంచ్ అయ్యాక, ముప్ఫై ఏళ్ళకు పైగా అక్కడ నీళ్ళ పని సాగుతోంది. కొండ వాలున కందకాలు తవ్వారు. చెట్లు నాటారు. అంతటితో ఆగలేదు. సేద్యానికి బోర్లు వెయ్యకూడదని గ్రామసభలో తీర్మానం చేసుకున్నారు. చెరకు, అరటి వద్దనుకున్నారు. ఏటా వాన చూసి, నీళ్ళ లెక్క కట్టి, గ్రామసభలో పంటలు తేల్చుకుంటారు. మొదట మనుషులకు, పశువులకు. తర్వాతే పొలానికి. వాన తగ్గిన ఏడు రబీ తగ్గించుకుంటారు. 2020లో పవార్‌కు పద్మశ్రీ ప్రకటించారు.

2019 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం అటల్ భూజల్ యోజన తెచ్చింది. అందులో ఊరి నీటి బడ్జెట్టు ఒక ముఖ్యమైన పని. ఏడు రాష్ట్రాలతో మొదలుపెట్టారు. వాటిలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. ఈ పని ఇరవై ఏళ్ళ కిందటే చేసి చూపించిన నేల మనది. ఎవరో పథకం ఇచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. తాడు మనది, డ్రమ్ము మనది.

ఎలా మొదలుపెట్టాలో చెబుతాను.

ముందు వాన. అడుగూ మూతీ ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి తీసుకోండి. చెట్టు నీడా చూరు నీళ్ళూ పడని చోట నిటారుగా పెట్టండి. వాన పడ్డ మర్నాడు పొద్దున్నే స్కేలు పెట్టి లోతు చూడండి. ఎన్ని మిల్లీమీటర్లుంటే అంత వాన. రాసుకుని, నీళ్ళు పారబోసి, డబ్బా మళ్ళీ అక్కడే పెట్టండి. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు.

తర్వాత బావి. ఊళ్ళో వాడకంలో ఉన్న బావి ఏదైనా ఒకటి ఎంచుకోండి. తాడుకు బరువు కట్టి, మీటరు మీటరుకూ ముడి వెయ్యండి. నీటిమట్టం దాకా ఎన్ని ముళ్ళు దిగాయో చూడండి. తెల్లవారుజామున, మోటార్లు మొదలుకాకముందు చూడాలి. అప్పటికి బావి తేరుకుని ఉంటుంది. అమావాస్యకూ పౌర్ణమికీ చూస్తే పదిహేను రోజులకోసారి లెక్క తేలికగా గుర్తుంటుంది. ఊళ్ళో బావే లేకపోతే, మండలంలో భూగర్భ జల శాఖవారి పీజోమీటరు ఎక్కడుందో అడగండి. అది నీటిమట్టం కొలవడానికే వేసిన బోరు. ఆ లెక్క మీకు చెప్పమని అడగడానికి మొహమాటపడకండి. అది మన నీళ్ళ లెక్క.

మూడోది బోరు ధార. డ్రమ్ము, ఫోను. అది ఇందాక చెప్పుకున్నాం.

వాన ఎంత, బావి ఎంత లోతు, ధార ఎంత. ఈ మూడూ కొలవండి. విత్తే ముందు కొలవండి. గోడ మీద రాయండి.

పట్నాల్లో ఉన్నవాళ్ళకు కూడా ఒక మాట. హైదరాబాదులో, విశాఖలో, విజయవాడలో అపార్ట్‌మెంట్లున్నాయి. ఎండాకాలం రాగానే ట్యాంకర్లు వరస కడతాయి. నెలకు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో చాలా సంఘాల్లో బిల్లు వల్ల తెలుస్తుంది. ఎవరింట్లో ఎంత వాడారో మాత్రం తెలియదు. అందరూ సమానంగా పంచుకుంటారు. ఇద్దరున్న ఇంటికీ ఎనిమిది మందున్న ఇంటికీ ఒకే బిల్లు. కారు రోజూ కడిగేవాళ్ళకూ కడగనివాళ్ళకూ ఒకే బిల్లు. అలాంటప్పుడు ఎవరికైనా కుళాయి కట్టెయ్యాలని ఎందుకనిపిస్తుంది? ప్రతి ఇంటికీ మీటరు పెట్టించండి. అది కుదరకపోతే, పైన ట్యాంకులోకి ఎక్కే నీళ్ళకైనా ఒక మీటరు పెట్టించి, రోజు అంకె లిఫ్టు దగ్గర రాయించండి. తలకు ఎన్ని లీటర్లు పడుతున్నాయో భాగించి చూడండి. కేప్‌టౌన్ వాళ్ళ యాభైతో పోల్చి చూస్తే మీకే తెలుస్తుంది.

మళ్ళీ పల్లెకు వస్తాను. ఈ లెక్క చదవడానికి మంచి చోటు గ్రామసభ. గాంధీ జయంతికి, అక్టోబరు 2న గ్రామసభ జరపడం దేశమంతటా ఆనవాయితీ. రబీ నిర్ణయాలకు అది సరైన సమయం. సర్పంచ్ గారినో, వార్డు సభ్యులనో ముందుగా కలవండి. నీళ్ళ లెక్కకు అరగంట కేటాయించమని అడగండి. డ్వాక్రా సంఘం అక్కచెల్లెళ్ళు తప్పక రావాలి. బిందె పట్టుకుని వరసలో నిలబడేది మీరే కాబట్టి, తాగునీటికి ఎంత పక్కన పెట్టాలన్నది మీ నోటి నుంచే రావాలి. కూడికలు, గుణకారాలు హైస్కూలు పిల్లలకు అప్పగించండి. ఎకరానికి ఒక మిల్లీమీటరు అంటే 4 వేల లీటర్లని తెలిస్తే, మిగతాది వాళ్ళు బోర్డు మీద చేసి చూపిస్తారు. ముందు తాగునీళ్ళు తియ్యండి. తర్వాత పశువులకు తియ్యండి. మిగిలింది పంటలకు పంచి చూడండి.

మొదటి ఏడు లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఫరవాలేదు. పుస్తకం పారెయ్యకండి. రెండో ఏడు పక్కన పెట్టి చూస్తే, ఎంత వానకు మీ బావి ఎన్ని ముళ్ళు పైకొచ్చిందో కనబడుతుంది. మూడో ఏటికి మీ ఊరి నేల సంగతి, బయటి నుంచి వచ్చే ఏ నిపుణుడికన్నా మీకే బాగా తెలుస్తుంది. రాసేటప్పుడు తేదీ, బావి పేరు, కొలిచినవాళ్ళ పేరు వెయ్యడం మరిచిపోకండి. గ్రామసభ ఈసారి దాటిపోయి ఉంటే, విత్తనాల కొట్టుకు వెళ్ళేముందు ఒక సాయంత్రం పది బోర్ల రైతులు కలిసి కూర్చున్నా చాలు.